కవరు మీద ఆవిడ పేరేదీ?

వంటింట్లో ఫోన్ పెట్టుకుని పాటలు వింటూ పని చేసుకోవడం మనలో చాలామందికి అలవాటే కదా. ఈసారి పాట మార్చేటప్పుడు, దాని పక్కన వచ్చే ఆ చిన్న చదరపు బొమ్మని ఒక్క క్షణం ఆగి చూడండి. వినబడేది ఆడగొంతు. బొమ్మలో ఉండేది హీరో. పక్కన హీరోయిన్ ఉంటే మన అదృష్టం. కింద రాసిన పేరు చాలాసార్లు సంగీత దర్శకుడిది. పాడినావిడ పేరు కావాలంటే ఆ వరస చివరిదాకా వెతుక్కుంటూ వెళ్ళాలి. ఒక్కోసారి అది మూడు చుక్కల వెనక దాక్కుని ఉంటుంది, నొక్కితేగానీ బయటికి రాదు.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే మాట. పాట కవరు మీద, ముందు వైపునే, పాడిన మనిషి పేరు చదవడానికి వీలయ్యేంత అక్షరాల్లో ఉండాలి. బొమ్మ ఎవరిదైనా పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. పేరు మాత్రం పాడినవాళ్ళది ఉండాలి.

"ఇదీ ఒక సమస్యేనా?" అని మా ఇంట్లోనే అన్నారు. మా అమ్మాయి డిజైన్ కోర్సు చదువుతోంది. అది మాత్రం నవ్వలేదు. "కవరంటే బొమ్మ కాదమ్మా, అది బ్రాండింగ్" అంది. వాళ్ళ కాలేజీలో అదో పెద్ద మాట. మన మిర్చి యార్డు భాషలో చెప్పాలంటే మార్కా. కల్లంలో కాయ ఎండబెట్టింది ఒకరు, తొడిమలు తీసింది ఒకరు, బస్తా మీద మార్కా ఇంకొకరిది. కొనేవాడు చూసేది మార్కానే, వాడికి గుర్తుండేదీ ఆ మార్కానే. తొడిమలు తీసిన చేతుల మంట ఎవరిదో ఎవరికీ తెలియదు. గుంటూరు సన్నం అని మన నేల పేరు మిరపకాయకి భౌగోళిక గుర్తింపుగా వచ్చిందని మురిసిపోతాం. మరి కాయకి దక్కిన గుర్తింపు గొంతుకి ఎందుకు దక్కలేదా అన్నదే నా బాధ.

అసలు ఈ కవర్ల కథ ఎక్కడ మొదలైందో చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. మన దేశంలో గ్రామఫోన్ రికార్డింగులు మొదలైన తొలి రోజుల్లోనే, 1902 నవంబరులో, కలకత్తాలో గౌహర్ జాన్ పాడింది. రికార్డు చేసింది ఫ్రెడ్ గైస్‌బెర్గ్ అనే దొర. ఆ రికార్డులు అచ్చయ్యేది ఇక్కడ కాదు, జర్మనీలోని హానోవర్‌లో. అక్కడి పనివాళ్ళకి మన భాష రాదు, పాడింది ఎవరో తెలియదు. లేబుల్ మీద పేరు తప్పు పడకూడదని, పాట అయిపోగానే ఆవిడే తన పేరు గట్టిగా చెప్పేది. ఆ రోజుల్లో ఇంకా కొందరు గాయనులు కూడా అలాగే చెప్పేవాళ్ళు. ఇవాళ ఆ పాత రికార్డు వింటే చివర్లో ఆ పేరు వినబడుతుంది. అందులో బతిమాలడం లేదు, సిగ్గు లేదు. నేను పాడాను, నా పేరిదీ అన్నట్టుంటుంది. అంటే మన దేశంలో పాట పెట్టెలోకి ఎక్కిన మొదట్లో, ఆడమనిషి పేరు పాటతోపాటే ప్రయాణం చేసిందన్నమాట.

అప్పట్లో రికార్డుకి బొమ్మల అట్ట ఉండేది కాదు. గోధుమరంగు కాగితం సంచీ, దాని మధ్యలో గుండ్రంగా ఒక కంత. ఆ కంతలోంచి రికార్డు నడిమి లేబుల్ కనబడేది. ఆ లేబులే దాని ముఖం. మా తాతయ్య వాళ్ళ తరం "కుక్క బొమ్మ రికార్డులు" అనేవాళ్ళే, ఆ హెచ్ఎంవీ కుక్క బొమ్మ వేసింది ఫ్రాన్సిస్ బారాడ్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు. ఆ కుక్క పేరు నిప్పర్. మొదట ఆయన వేరే రకం యంత్రం పక్కన కుక్కని కూర్చోబెట్టాడు. 1899లో గ్రామఫోన్ కంపెనీ ఆ బొమ్మ కొనుక్కుని, పాత యంత్రం మీద రంగు పూయించి తన గ్రామఫోన్ వేయించుకుంది. చెప్పొచ్చేదేమిటంటే, నూటపాతికేళ్ళ తర్వాత కూడా వినే కుక్క పేరు ప్రపంచానికి తెలుసు. పాడే మనిషి పేరు కోసం మాత్రం మనం వెతుక్కుంటున్నాం.

బొమ్మల అట్ట వాడుకలోకి తెచ్చింది అలెక్స్ స్టైన్‌వైస్ అనే అమెరికా కుర్రాడు. 1940 ప్రాంతంలో కొలంబియా రికార్డ్స్‌లో పనిచేస్తూ, ఈ మట్టిరంగు అట్టలు చూసి ఎవరు కొంటారు, బొమ్మ వేద్దామన్నాడు. కంపెనీ ఒప్పుకుంది, రికార్డులు బాగా అమ్ముడుపోయాయి. అక్కడినుంచి అట్టకి కళ వచ్చింది. ఎల్.పి. రికార్డు వచ్చాక ఆ అట్ట అడుగు పొడవు, అడుగు వెడల్పు. గోడకి తగిలించుకోవచ్చు. వెనక వైపు పాటలు, రాసినవాళ్ళు, పాడినవాళ్ళు అందరి పేర్లకీ చోటుండేది.

తర్వాత క్యాసెట్ వచ్చింది. మా చిన్నప్పుడు మా ఇంట్లో ఉన్నవన్నీ అవే. అరచేతిలో పట్టే కాగితం ముక్క, మడతలు విప్పితే లోపల చీమతలకాయంత అక్షరాలు. ఇప్పుడు ఫోన్‌లో ఆ బొమ్మ బొటనవేలి గోరంత. వెనక వైపు అనేదే లేదు. అందుకే నేను ముందు వైపు గురించి ఇంత పట్టుబడుతున్నాను. ఒకప్పుడు "పేర్లు వెనక ఉన్నాయిలే" అని సరిపెట్టుకోవడానికి ఒక వెనక ఉండేది. ఇప్పుడు అదీ పోయింది.

పేరు పోవడం మాత్రం ఫోన్‌తో మొదలవలేదు, సినిమాతోనే మొదలైంది. మొదట్లో నటించినవాళ్ళే పాడుకునేవాళ్ళు కాబట్టి ముఖం, గొంతు ఒకరివే. తెలుగులో తొలి నేపథ్య గాయకుడని మన తెనాలి దగ్గర మోపర్రు మనిషి ఎం.ఎస్. రామారావు గారిని చెబుతారు, 1944లో వచ్చిన తహసీల్దార్ సినిమాకి. సుందరకాండ పాడి ఇంటింటా సుందరదాసుగా నిలిచినాయన ఆయనే. ఈ నేపథ్యం అన్న మాట చూడండి. తెర వెనక అని అర్థం. పాట తెర వెనక్కి వెళ్ళడంతోనే పేరు కూడా దానితోపాటు వెళ్ళిపోయింది.

హిందీలో ఏం జరిగిందో వింటే ఇంకా చిత్రంగా ఉంటుంది. 1949లో మహల్ సినిమా వచ్చింది. అందులో లతా మంగేష్కర్ పాడిన పాట ఊరూరా మోగింది. రికార్డు లేబుల్ మీద పాడినవారి పేరు చోట "కామిని" అని ఉంది. కామిని ఎవరు? సినిమాలో మధుబాల వేసిన పాత్ర పేరు! అంటే ఒక కల్పిత పాత్రకి లేబుల్ మీద చోటు దొరికింది, ఊపిరి బిగబట్టి పాడిన మనిషికి దొరకలేదు. రేడియోలో ఆ పాట విన్న జనం ఎవరు పాడారో చెప్పండని అడిగితే, రేడియోవాళ్ళు కంపెనీని అడిగి అసలు పేరు చెప్పారు. ఇందులో నాకు నచ్చింది ఒకటుంది. కంపెనీ తనంతట తాను చెప్పలేదు, విన్నవాళ్ళు అడిగారు. ఆ అడగడం మన చేతిలో పనే కదా.

ఇక మన నేల సంగతికొస్తాను. ఈ పత్తి, మిర్చి మైదానంలో పుట్టిన ఇద్దరు ఆడవాళ్ళ కథ పక్కపక్కన పెట్టి చూస్తే నా మాట ఇంకా బాగా తెలుస్తుంది.

మొదటావిడ భానుమతి గారు. ఒంగోలు దగ్గర దొడ్డవరం. ఆవిడ పుట్టేనాటికి ప్రకాశం జిల్లా లేదు, ఒంగోలు గుంటూరు జిల్లాలోనే ఉండేది. ఆవిడ నటించింది, పాడింది, 1953లో చండీరాణితో దర్శకురాలైంది, భరణీ స్టూడియో నడిపింది, మనందరినీ నవ్వించిన అత్తగారి కథలు రాసింది. తన పాత్రకి తానే పాడతానని పట్టుబట్టే మనిషి. మల్లీశ్వరి పాటలు వింటూ ఆ సినిమా బొమ్మ చూడండి. గొంతు ఎవరిదో ముఖమూ ఆవిడదే. ఆవిడ పేరు మరుగున పెట్టడం ఎవరికీ సాధ్యం కాలేదు. పొగరు అన్నవాళ్ళున్నారు. ఆ పొగరే లేకపోతే ఏమయ్యేదో రెండో కథలో చూద్దాం.

రెండోవారు ఎస్. జానకి గారు. రేపల్లె దగ్గర పల్లపట్ల. 1957లో సినిమా పాట మొదలుపెట్టి ఎన్నో భాషల్లో వేల పాటలు పాడారు. పసిపిల్లలా పాడమంటే పసిపిల్ల, ముసలమ్మలా పాడమంటే ముసలమ్మ. నాలుగుసార్లు జాతీయ అవార్డు వచ్చింది. అందులో ఒకటి మన తెలుగు సినిమా సితారకే, 1984లో. సితార అనగానే నాకు గుర్తొచ్చేది భానుప్రియ కళ్ళు. మీకూ అంతే అయ్యుంటుంది. భానుప్రియ మీద నాకు కోపం లేదు, చక్కటి నటి. కానీ అవార్డు తెచ్చిన గొంతుకి ఆ బొమ్మలో చోటేదీ? 2013లో జానకి గారికి పద్మభూషణ్ ప్రకటిస్తే, ఇంత ఆలస్యంగానా అని ఆవిడ వద్దన్నారు. అప్పుడు కొందరు విడ్డూరంగా చూశారు. యాభై ఏళ్ళకు పైగా పాడుతూ, తన పాట మీద ఇంకొకరి ముఖం చూసుకుంటూ వచ్చిన మనిషికి ఆ మాట అనే హక్కు ఉందనే నేను అనుకున్నాను.

ఇద్దరూ ఈ మట్టిలో పుట్టినవాళ్ళే. ఇద్దరి ఊళ్ళకీ మధ్య పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి చేరుకునేంత దూరం. ప్రతిభలో ఎవరెక్కువని పోల్చడం తప్పు. ఒకరికి ముఖం కూడా అట్ట మీదికెక్కింది, ఒకరికి ఎక్కలేదు, అంతే తేడా. మా అమ్మాయి స్నేహితురాళ్ళని అడిగాను. జానకి గారి పాటలు నాలుగైదు పాడారు. ఆవిడ మన రేపల్లె వైపు మనిషని ఒక్కరికీ తెలియదు.

ఇక్కడ ఎదుటివాళ్ళ మాట కూడా వినాలి. మా అమ్మాయి అంది: "అమ్మా, సినిమా పాట కవరంటే సినిమాకి ప్రకటన. డబ్బులు పెట్టినవాడు హీరో ముఖమే వేసుకుంటాడు. జనం ఆ ముఖం చూసే నొక్కుతారు." నిజమే. శంకరాభరణం రికార్డు అమ్మాలంటే జె.వి. సోమయాజులు గారి ముఖమే కావాలి. పాడింది బాలు గారు, జానకి గారు, వాణీ జయరాం గారు అని తెలిసినా, మన కళ్ళ ముందు నిలిచేది శంకరశాస్త్రే. అది ఆ సినిమా గొప్పతనం. కాదనను.

కానీ ఇంకో సంగతి ఆలోచించండి. 1974లో ఘంటసాల గారు పోయాక హెచ్ఎంవీ ఆయన పాడిన భగవద్గీత విడుదల చేసింది. గీత చెప్పింది కృష్ణుడు, రాసింది వ్యాసుడు. మనం మాత్రం ఏమంటాం? ఘంటసాల భగవద్గీత అంటాం. 1963లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి వేంకటేశ్వర సుప్రభాతం వచ్చింది, దాని రాయల్టీ తిరుమల దేవస్థానానికే ఇచ్చేశారు. ఆవిడ డబ్బు వదులుకున్నా, జనం నోట్లో అది ఎమ్మెస్ సుప్రభాతమే. ఆవిడ కట్టుకున్న నీలం రంగుకి కూడా ఎమ్మెస్ బ్లూ అని పేరొచ్చింది, చీరల కొట్లో ఇప్పటికీ అడుగుతారు. ఇంతకన్నా గొప్ప బ్రాండింగ్ ఏ కాలేజీలో నేర్పుతారు? ఆ రెంటికీ ముందు నిలిచింది పాడినవాళ్ళ పేరే. అందుకే మనమూ ఆ పేరుతోనే పిలుస్తున్నాం. కవరు మీద ఏ పేరుంటే నోటికి ఆ పేరే అలవాటవుతుంది. సినిమా పాటకి సినిమా పేరు పెట్టి పిలవడం మనకి పుట్టుకతో వచ్చిందేం కాదు, కవర్లు నేర్పిందే.

పేరుంటే ఇంకో మేలుంది. పెళ్ళి ఇళ్ళలో, గుళ్ళలో పొద్దున్నే సన్నాయి రికార్డు వేస్తారు కదా. ఆ నాదస్వరంలో మహామహుడు షేక్ చినమౌలానా గారు. ఒంగోలు దగ్గర కరవది మనిషి. శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథుడి సన్నిధిలో వాయించి, 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి అందుకున్నారు. ఆ రికార్డు మీద పూలదండ, గోపురం బొమ్మ మాత్రమే వేసి ఊరుకుంటే, మన ప్రకాశం జిల్లా ముసల్మాను ఇంటి బిడ్డ రంగనాథుడికి సన్నాయి వాయించాడన్న సంగతి ఎవరికి తెలుస్తుంది? ఆ పేరు ఒక్కటి చదివితే చాలు, పిల్లలకి మనం విడిగా పాఠం చెప్పక్కర్లేదు.

బొమ్మలు వేసేవాళ్ళు కూడా ఈ సంగతి తెలిసినవాళ్ళే. బాపు గారి అక్షరం చూడగానే గుర్తుపడతాం, ఇప్పుడు కంప్యూటర్లలో ఆయన రాతే అక్షరాలుగా వాడుతున్నారు. పాలకొల్లు నుంచి వెళ్ళి వందల సినిమాలకి పోస్టర్లు వేసిన ఈశ్వర్ గారు మూలన తన సంతకం పెట్టేవారు. పోస్టర్ల పనిలో ఆయనా, దర్శకత్వంలో బాపు గారూ ఇద్దరూ 1967లో సాక్షి సినిమాతోనే అడుగుపెట్టారట. తాము చేసిన పని మీద తమ పేరు ఉండాలని వాళ్ళకి తెలుసు. మరి అదే కాగితం మీద పాడినావిడ పేరుకి నాలుగంగుళాల చోటు ఇవ్వడం కష్టమా?

ఇదంతా పెద్దవాళ్ళ కథలే, మనకెందుకు అనుకోకండి. మా పుట్టింటి ఊళ్ళో మొన్న జరిగింది చెబుతాను.

మా ఊరు పర్చూరు వైపు. అక్కడ పద్నాలుగు మంది ఆడవాళ్ళు శనివారం శనివారం గుళ్ళో భజన చేస్తారు. పగలంతా మిర్చి కోతలకీ పత్తి తీతలకీ వెళ్ళేవాళ్ళే ఎక్కువ. వాళ్ళలో పెద్దామె నాకు వరసకి పిన్ని. అరవై దాటాయి, చదువు రాదు. మంగళహారతులు, పెళ్ళిలో తలుపు దగ్గర పాటలు, తలంటు పాటలు అన్నీ ఆమెకి కంఠతా వచ్చు. అవన్నీ పోకుండా దాచాలని ఊళ్ళో ఒకాయన డబ్బు ఇచ్చాడు. మంచి మనసుతోనే ఇచ్చాడు. పద్నాలుగు మందీ ఆటో కట్టించుకుని గుంటూరు వెళ్ళి స్టూడియోలో పాడి వచ్చారు. తర్వాత కవరు డిజైన్ చేయించారు. మా ఊరికి తెలిసిన డిజైన్ అంటే ఫ్లెక్సీయే.

ఫోన్‌లో ఆ కవరు వచ్చింది. మధ్యలో వేంకటేశ్వరస్వామి. పైన గుండ్రటి బొమ్మల్లో నలుగురు నాయకులు. కింద డబ్బిచ్చినాయన దణ్ణం పెడుతూ. పక్కన ఆయన కొడుకు. అందరికిందా చిన్న అక్షరాల్లో "గానం: గ్రామ మహిళా భజన బృందం". పుట్టినరోజు ఫ్లెక్సీలో ముక్కూ మొహం తెలియని నలభై మందికి చోటుంటుంది. పద్నాలుగు మంది ఆడవాళ్ళు పాడిన పాటల కవరు మీద ఒక్క ఆడపేరు లేదు. అమ్మవారు కూడా లేదు!

మా పిన్ని ఎవరిచేతో చదివించుకుని విని, "బానే ఉంది గానీ, ఇందులో మేమేడున్నామే?" అంది. అంతే, ఇంకేం అనలేదు. ఆ మాట ఊళ్ళో తిరిగింది. కొందరు మగవాళ్ళు, "ఆడవాళ్ళ ఫోటోలు అందరి ఫోన్లలో తిరగడం ఏం బాగుంటుంది" అన్నారు. నేను ఫోన్‌లో మాట్లాడి అన్నదొకటే: "ఫోటోలు వద్దన్నయ్యా, పేర్లు వెయ్యండి." దానికి ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. నిజానికి ఎవరూ కావాలని పేర్లు తీసెయ్యలేదు. ఎవరికీ తట్టలేదు, అంతే. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

తీరా పేర్లు రాసివ్వమంటే అసలు కథ మొదలైంది. ఒకామె ఇంటిపేరు పుట్టింటిది వెయ్యాలా, మెట్టినింటిది వెయ్యాలా అని అడిగింది. ఇంకొకామె ఆధార్‌లో ఒక పేరు, ఊళ్ళో పిలిచేది ఇంకో పేరు. మా పిన్నిని నలభై ఏళ్ళుగా ఫలానా ఆయన భార్య అనో, ఫలానా వాడి అమ్మ అనో పిలుస్తున్నారు. ఆమె అసలు పేరు రాయమంటే పక్కనున్నవాళ్ళు, "నీ పేరు ఇదా!" అన్నారట. మా అమ్మ చెబుతుంటే నవ్వొచ్చింది, నవ్వు వెనకే గొంతు పట్టుకుంది.

కొత్త కవరు మా అమ్మాయే చేసింది. అది చేస్తుంటే పక్కన కూర్చుని నేను నేర్చుకున్నవి మీకూ పనికొస్తాయని చెబుతున్నాను. మన తెలుగు అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి. ఇంగ్లీషు అక్షరం కన్నా ఎత్తు ఎక్కువ తీసుకుంటుంది. మరీ చిన్నది చేస్తే ఒత్తులన్నీ కలిసిపోయి మసి మరకలా కనబడుతుంది. పద్నాలుగు పేర్లూ గోరంత బొమ్మలో పట్టవు. అందుకని బృందం పేరు, ఊరి పేరు పెద్ద అక్షరాల్లో మధ్యలో వేసింది. పద్నాలుగు పేర్లనీ చీర అంచులాగా చుట్టూ వరసగా పేర్చింది, బొమ్మ పెద్దది చేసుకుంటే చదవొచ్చు. స్వామి బొమ్మ అలాగే ఉంది. డబ్బిచ్చినాయన పేరు కింద "సహకారం" అని ఉంది, ఆయనకీ సంతోషమే. నాయకుల బొమ్మలు మాత్రం తీసేసింది. ఒకరిద్దరు మొహం ముడుచుకున్నారు, ముడుచుకోనిచ్చాం.

ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. పాట ఆన్‌లైన్‌లో పెట్టేటప్పుడు పాడినవారి పేరు రాయడానికి వేరే గడి ఉంటుంది. అక్కడ టైపు చేసి ఉంటేనే, రేపు ఎవరైనా ఆ పేరు కొట్టి వెతికినప్పుడు పాట దొరుకుతుంది. బొమ్మ మీద రాసినంత మాత్రాన దొరకదు. కాబట్టి బొమ్మలోనూ, ఆ గడిలోనూ రెండుచోట్లా పేరుండాలి. మీ ఊళ్ళో, మీ కాలనీలో కోలాటం బృందమో భజన మండలో పాటలు రికార్డు చేయిస్తుంటే, కవరు అచ్చుకి వెళ్ళకముందే ఈ రెండూ అడగండి. అయ్యాక అడిగితే "ఈసారికి కానీలే" అంటారు.

పెద్ద కంపెనీలని అడిగేదీ అంతకన్నా ఎక్కువేం కాదు. హీరో ముఖం తియ్యమనడం లేదు. పాత సినిమా పాటల కవర్లు ఇప్పుడు మళ్ళీ కొత్తగా చేసి పెడుతున్నారు కదా, ఆ చేసేటప్పుడే సినిమా పేరు కింద పాడినవాళ్ళ పేరు ఒక వరస వెయ్యండి. ఫోన్‌లో మొదట కనబడే పేరు పాడినవాళ్ళది ఉండేలా చూడండి. సంగీత దర్శకుడి పేరూ ఉండనివ్వండి, రాసినవాళ్ళదీ ఉండనివ్వండి. పిండివంట బాగుందంటే చేసినామెని పేరుపెట్టి మెచ్చుకోవడం మర్యాద. పాటకీ అంతే.

"పేరు లేకపోతే మాత్రం పాట తీపి తగ్గుతుందా?" అని మీలో ఎవరైనా అడగొచ్చు. తగ్గదు. ఇంట్లో మనం చేసిన ఆవకాయ కూడా పేరు లేకుండానే రుచిగా ఉంటుంది. కానీ ఆ జాడీ అమ్మకానికి వెళ్ళి, మూత మీద ఇంకొకరి ఫోటో అంటించి ఉంటే మనకెలా ఉంటుంది? ఇంట్లో పేరు లేకుండా చెయ్యడం మన ప్రేమ. బయట అమ్ముకునేచోట పేరు తీసెయ్యడం మాత్రం ప్రేమ కాదు. ఈ రెండూ ఒకటేనని మనకి చాలాకాలంగా నచ్చజెబుతూ వచ్చారు. మనమూ తలూపుతూ వచ్చాం.

మన వంతుగా చెయ్యగలిగింది చిన్నదే. వాట్సాప్‌లో పాట పంపేటప్పుడు ఏ సినిమాయో రాస్తాం కదా, పక్కనే పాడింది ఎవరో కూడా రాద్దాం. టీవీలో పాట వస్తే పిల్లల్ని "ఏ సినిమా?" అని అడుగుతాం, "ఎవరు పాడారు?" అని కూడా అడుగుదాం. తెలియకపోతే వాళ్ళే వెతికి చెబుతారు, ఆ వెతకడంలోనే నాలుగు పేర్లు నోటికొస్తాయి.

మీ ఊళ్ళో, మీ చుట్టాల్లో బాగా పాడే పెద్దవాళ్ళు ఉంటే, వాళ్ళ పూర్తి పేరు, పుట్టిన ఊరు, పాడే పాటలు కింద రాయండి. ఫలానా వారి భార్య అని కాదు, ఆవిడ పేరు. తెలియకపోతే ఇవాళే ఫోన్ చేసి అడగండి.